గండికోట చీకటి

రాత్రిని ఫోటో తీయాలనుకునేవారు ముందుగా కెమెరాకు అప్పగించిన పెత్తనాన్ని తిరిగి తమ చేతిలోకి తీసుకోవాలని నా అభిప్రాయం. ఇది పుస్తకం చదివి తెలుసుకున్నది కాదు. కొన్నేళ్ల కిందట ఒక పుష్య అమావాస్యనాడు కడప జిల్లా గండికోటలో, పెన్న లోయ అంచున, చలికి వణుకుతూ తెలుసుకున్నది.

ఆ రాత్రి నా వెంట ఉన్నవి ఒక పాత డిజిటల్ కెమెరా, దానితోపాటు వచ్చిన 18-55 లెన్సు, అరువు తెచ్చుకున్న ట్రైపాడ్. తలపైన ఆకాశం చుక్కలతో కిక్కిరిసి ఉంది. కెమెరాను ఆటోలో ఉంచి మీట నొక్కాను. ఫ్లాష్ తళుక్కుమంది. తెర మీద చూస్తే నాలుగడుగుల దూరంలోని బండరాయి సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఆకాశం మాత్రం లేదు. దగ్గరిదాన్ని వెలిగించబోయి దూరాన్నంతా పోగొట్టుకున్నాను.

మాన్యువల్ పద్ధతిలో మన చేతిలో ఉండేవి మూడే. లెన్సు ద్వారాన్ని ఎంత తెరవాలి, షట్టరును ఎంతసేపు తెరిచి ఉంచాలి, ఐ.ఎస్.ఓ.ను ఎంత పెంచాలి. నా లెన్సు తెరుచుకోగలిగినది ఎఫ్ 3.5 వరకే, కాబట్టి అక్కడే ఉంచాను. ఐ.ఎస్.ఓ. 1600. చిక్కంతా షట్టరుతోనే. భూమి నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున తిరుగుతుంది. 30 సెకన్లు ఇస్తే చుక్క చుక్కగా నిలవక బియ్యపు గింజలా సాగింది. దీనికొక వాడుక లెక్క ఉంది. లెన్సుపై ఉన్న 18ని, నాబోటి చిన్న సెన్సరు కెమెరాకు, ఒకటిన్నరతో హెచ్చిస్తే 27. ఆ 27తో 500ను భాగిస్తే 18 సెకన్లు. ఫోకస్ కోసం ప్రకాశవంతమైన ఒక చుక్కను తెర మీద పెద్దది చేసి, అది అతి చిన్న బిందువయ్యేదాకా రింగును వేలితో తిప్పాలి. చేతి అదురు తగలకుండా రెండు సెకన్ల టైమరు పెట్టాలి.

ఇంత చేసినా నా తొలి ‘విజయం’ అబద్ధమే. ఐ.ఎస్.ఓ.ను 3200కు పెంచి తీసిన ఆ బొమ్మ చూసి ఇంట్లోవాళ్లు “సాయంత్రం తీశావా?” అని అడిగారు. అప్పుడు బోధపడింది. రాత్రి ఫోటోలో తేల్చుకోవలసిన ప్రశ్న వెలుగు ఎంత రావాలన్నది కాదు, చీకటి ఎంత మిగలాలన్నది. నేటి ఫోన్లు పది ఫ్రేములను తామే కలిపి కాంతివంతమైన బొమ్మను క్షణంలో చేతిలో పెడతాయి. వాటిని తప్పుపట్టను. కానీ చీకటి ఎంత మిగలాలన్న నిర్ణయం అక్కడ మనది కాదు. ఆ నిర్ణయం తీసుకోవడమే ఈ విద్యలో నేర్చుకోవలసినది.

ఆ రాత్రే గొర్రెల మందకు కాపలా ఉన్న ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చి, “ఏం నాయనా, ఈ మొబ్బులో ఏముండాదని ఫోటో తీస్తాండావు?” అన్నాడు. పైకి చూపించాను. “ఓ, పిల్లలకోడి! మా నాయన దాన్ని చూసే పొద్దు చెప్పేవాడు” అన్నాడు. కృత్తికలకు అంత ముద్దైన పేరుందని నాకప్పటిదాకా తెలియదు. లోయ మీదుగా ఉత్తరాన ధ్రువనక్షత్రం దాదాపు 15 డిగ్రీల ఎత్తులో ఉంది. దక్షిణాన అగస్త్యుడు. రెండూ ఒకే రాత్రి కనబడే నేల మాది.

తెల్లవారుజామున మూడింటికి ఆగ్నేయాన వృశ్చికం లేచింది. ఆ దిక్కునే ఎర్రగుంట్ల సిమెంటు కర్మాగారాలు, ముద్దనూరు సమీపంలోని థర్మల్ కేంద్రం. ఫ్రేము ఆ మూల పసుపుపచ్చగా పాలిపోయి, జ్యేష్ఠ చుట్టూ ఉండవలసిన చిన్న చుక్కలు దానిలో మునిగిపోయాయి. ఎన్ని సెట్టింగులు మార్చినా అవి రాలేదు.

ఇది కొత్త కథ కాదు. ఆకాశమంతటినీ గాజుపలకల మీద చిత్రించాలని 1887లో పారిస్‌లో తలపెట్టిన మహాప్రయత్నంలో మన హైదరాబాదుకూ భాగముంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాల తన వంతు ఆకాశాన్ని బేగంపేట నుంచే ఫోటోలు తీసింది. బేగంపేట నుంచి! ఆ తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయం తన 48 అంగుళాల దూరదర్శినిని నగరానికి దూరంగా రంగాపూర్‌లో పెట్టుకోవలసివచ్చింది. నగరం వెలుగు అక్కడికీ వెంటాడి వచ్చింది.

చీకటిని పొగడడం మా సీమలో సులువు కాదని నాకు తెలుసు. నడిరాత్రి కరెంటు వస్తే మోటారు వేయడానికి టార్చిలైటుతో చేనికి పోయిన రైతులున్న ఊళ్లివి. పాముకాటు భయం తెలిసిన ఊళ్లు. దీపం వద్దని వారితో అనే అర్హత నాకు లేదు. నేనడిగేది దీపానికి టోపీ మాత్రమే. వెలుగు నేల మీద, దారి మీద, లోయ అంచున పడాలి, ఆకాశంలోకి పోకూడదు. కోటను చూడవచ్చేవారి కోసం వేసే పెద్ద దీపాలు జనం వెళ్లిపోయాక ఆరిపోవాలి. లదాఖ్‌లోని హాన్లేను 2022లో చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. మహారాష్ట్రలోని పెంచ్ అడవికి 2024లో అటువంటి గుర్తింపే వచ్చింది. గండికోటకు ఆ ఆలోచన ఎందుకు రాకూడదు?

మా సీమలో నీళ్లు లేవు, పచ్చదనం లేదు అని లేనివాటి జాబితా చదవడం అందరికీ అలవాటే. ఉన్నవాటిలో చీకటి ఒకటి. పోగొట్టుకున్నాక దాన్ని ఏ ప్రభుత్వమూ టెండరు పిలిచి తెప్పించలేదు.

వీలైతే ఒక అమావాస్యకు రండి. ఫ్లాష్ ఆపేసి, కళ్లు అలవాటుపడేదాకా ఓ అరగంట ఏమీ తీయకుండా కూర్చోండి. ఆ తరువాత 18 సెకన్లు చాలు.