ఏ కేసు ముందు?

హక్కుల సంఘం తలుపు తట్టేవారు ఎందరో. అందరి కేసులూ చేపట్టే శక్తి దానికి లేదు. పోలీసు దౌర్జన్యాలే గాక కుల, స్త్రీ, నిర్వాసిత సమస్యలూ హక్కుల సమస్యలేనంటూ కె. బాలగోపాల్ ప్రభృతులు 1998లో మానవ హక్కుల వేదికను నెలకొల్పారు. పరిధి పెరిగింది, ఎంపిక మరీ కష్టమైంది. విశాఖ రేవు, ఉక్కు కార్మికులకు యూనియన్లయినా ఉన్నాయి. 2007 ఆగస్టులో పోలీసులు అత్యాచారం చేశారని ఫిర్యాదు చేసిన 11 మంది వాకపల్లి గిరిజన స్త్రీలకు ఎవరున్నారు? వేదిక వారి పక్షాన నిలిచింది. 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా విడుదల చేసింది. కాగా దర్యాప్తు లోపాలను తప్పుపట్టి, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలన్నది. గెలిచే కేసులనే ఏరుకొని ఉంటే ఈపాటి మాటయినా రికార్డుకెక్కేది కాదు. అయితే ఏ సంఘమైనా ఒక కేసును కాదన్నప్పుడు కారణం వెంటనే చెప్పాలి. ఆ పల్లెవాసులు గడువు దాటకముందే వేరొక వకీలును చూసుకుంటారు.