పింఛనిచ్చే చేతికి ఓటర్ల జాబితా

సోంపేట, కవిటి, కంచిలి వైపు ఊళ్లలో ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారో చెప్పడం అంత తేలిక కాదు. కొబ్బరితోట చూసుకుంటూ ముసలివాళ్లు ఊళ్లో ఉంటారు. పిల్లలు చెన్నైకో హైదరాబాద్‌కో పనికి పోయి ఉంటారు. పండక్కీ, పెళ్లికీ, ఓట్లకీ వస్తారు. మరి వాళ్లు ఊరివాళ్లేనా? 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం అవుననే అంటుంది. తాత్కాలికంగా ఇల్లు విడిచినంత మాత్రాన నివాసం పోదని 20వ సెక్షన్‌లో ఉంది. ఆ 'తాత్కాలికం' ఎన్నాళ్లన్నది మాత్రం అందులో లేదు. కాబట్టి గుమ్మం ముందు నిలబడి రాసుకునే మనిషి ఎవరన్నది పెద్ద విషయమే.

ఎన్నికల సంఘానికి ఊరూరా సొంత సిబ్బంది లేరు. చాలాచోట్ల బూత్ స్థాయి అధికారి అంటే టీచరో, అంగన్‌వాడీ కార్యకర్తో. జీతం ప్రభుత్వానిది, పని సంఘానిది. అరువెద్దులతో సేద్యమన్నమాట. అందుకే పగ్గం ఎవరి చేతిలో ఉండాలో చట్టమే చెప్పింది. జాబితా పనిలో ఉన్నన్నాళ్లూ వాళ్లు సంఘానికి డిప్యుటేషన్‌పై ఉన్నట్టే లెక్క. విధి తప్పితే మూడు నెలలకు తగ్గకుండా రెండేళ్ల దాకా జైలు.

2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో వాలంటీర్లు వచ్చారు. పల్లెల్లో సుమారు యాభై ఇళ్లకొకరు. ఒకటో తారీఖున తలుపు తట్టి పింఛను చేతిలో పెట్టేవారు. కిడ్నీ జబ్బుతో మంచం పట్టిన ఉద్దానం ఇళ్లలో అది చిన్న సాయం కాదు. అయితే ఎవరు ఊళ్లో ఉన్నారో, ఎవరికి ఏ పథకం అందుతోందో తెలిసినదీ ఆ మనిషికే. ఆ చేత్తోనే ఓటర్ల జాబితా కూడా పట్టుకొస్తే? ఆయన ఎంత మంచివాడైనా, ఏమీ అడక్కపోయినా, అవ్వకు పింఛనే గుర్తొస్తుంది.

అమెరికాలో ఈ భయాన్ని చట్టంలోనే రాసుకున్నారు. 1993 చట్టం ప్రకారం అక్కడ సాయమందించే ప్రభుత్వ కార్యాలయాలే ఓటరు నమోదు దరఖాస్తు కూడా ఇవ్వాలి. కానీ నమోదు చేసుకోవడానికీ, అందే సాయానికీ ముడి ఉందనిపించేలా ఉద్యోగి ఒక్క మాట అనకూడదు.

ఇక్కడ ఎన్నికల సంఘం వాలంటీర్లను ఎన్నికల పనులకు దూరం పెట్టింది. 2024 మార్చి 30న పింఛన్ల పంపిణీ నుంచీ తప్పించింది. ఏప్రిల్‌లో నడవలేనివాళ్లకు ఇంటికే ఇచ్చినా, మిగతా ముసలివాళ్లు ఎండలో సచివాలయాల దగ్గర నిలబడ్డారు. మేలో చాలామందికి బ్యాంకుల్లో పడింది. నియమం సరైనదే. ప్రత్యామ్నాయం మాత్రం ముందే ఆలోచించి ఉండాల్సింది. ఆ జూన్‌లో ప్రభుత్వం మారాక పింఛన్లు సచివాలయ సిబ్బంది చేతికొచ్చాయి. ప్రశ్న వాళ్లకీ వర్తిస్తుంది.

పేరు చేర్చడానికి ఫారం 6, తీసేయమనడానికి ఫారం 7. ఫలానావాళ్లు ఊళ్లో లేరని ఎవరైనా ఫారం 7 ఇచ్చినా పేరు వెంటనే కొట్టేయడానికి లేదు. ఆ మనిషికి చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 22వ సెక్షన్ అంటోంది. అబద్ధం రాసిచ్చినవారికి ఏడాది దాకా జైలు పడొచ్చు. కాకపోతే నోటీసు వచ్చేది ఊరి ఇంటికే. అబ్బాయి చెన్నైలో ఉంటాడు, చదువు రాని తల్లి దాన్ని చూరులో దోపుతుంది. విచారణ తేదీ ఆ చూరులోనే ఉండిపోతుంది.