‘వాయిదా అంట’... బస్సు ఎక్కాలా, వద్దా?

2025 ఫిబ్రవరి 22, శనివారం. తెల్లారితే గ్రూప్‌-2 మెయిన్స్‌. 905 పోస్టులకు 92,250 మంది రాయాల్సిన పరీక్ష. ఆ రోజు వాట్సాప్‌, టెలిగ్రామ్‌ గ్రూపుల్లో ఒకటే గోల. ‘పరీక్ష వాయిదా అంట’ అని ఒకరు, ‘లేదు, ఉంది’ అని ఇంకొకరు.

విశాఖలోనో విజయవాడలోనో ఉండే అభ్యర్థికి ఇది తలనొప్పి, అంతే. పొద్దున లేచి కనుక్కుని ఆటో ఎక్కేయొచ్చు. ఆదోని, ఎమ్మిగనూరు వాళ్ల సంగతి వేరు. సెంటర్లు ఉమ్మడి జిల్లాల కేంద్రాల్లోనే. ఆదోని నుంచి ఎమ్మిగనూరు మీదుగా కర్నూలుకు దాదాపు 100 కిలోమీటర్లు. మొదటి పేపర్‌ ఉదయం 10 గంటలకు. ముందురోజే వెళ్లి లాడ్జిలోనో, తెలిసినవాళ్ల గదిలోనో ఉండాలి. లేదంటే చీకటితోనే బస్సు పట్టుకోవాలి. పైగా ఫిబ్రవరి అంటే ఈ పడమటి పల్లెల్లో చాలా ఇళ్లకు తాళాలుండే కాలం. పెద్దవాళ్లు గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి పోయి ఉంటారు. అలాంటి ఇంటి పిల్లలకు కోచింగ్‌ ఫీజైనా, బస్సు ఛార్జీ అయినా ఆ కూలి డబ్బుల్లోంచే రావాలి. ఒక్క ఫార్వర్డ్‌ నమ్మి ఆగిపోతే ఏళ్ల చదువు ఆ రాత్రే పోయినట్టు.

అంతమంది ఎందుకు నమ్మారంటే, అందులో సగం నిజం ఉంది. రోస్టర్‌ తప్పులు సరిచేశాకే పరీక్ష పెట్టాలని అభ్యర్థులు ఆందోళన చేశారు. వాయిదా వేయాలని కోరుతూ ప్రభుత్వం కమిషన్‌కు లేఖ కూడా రాసింది. గ్రూపుల్లోకి వచ్చేసరికి ‘కోరింది’ కాస్తా ‘వేసేసింది’ అయిపోయింది. కానీ ఏపీపీఎస్సీ రాజ్యాంగంలోని 315వ అధికరణం కింద ఉన్న సంస్థ. తేదీ మార్చాల్సింది అదే. షెడ్యూలు ప్రకారమే పెడతామంది, 23న పెట్టింది. పాలిటీ పేపర్‌ కోసం ఈ అధికరణాన్ని బట్టీ పట్టినవాళ్లే ఆ రోజు ఫోన్లో దాన్ని మర్చిపోయారు!

ఇలాంటివి పంపేది మోసగాళ్లేం కాదు. మన రూమ్మేటే, మన సీనియరే. ‘ఎవరికైనా పనికొస్తుందేమోనని పెట్టేశా’ అంటారు. నిజానికి గ్రూపులో ముందుగా పెట్టినవాడికి ఓ గుర్తింపు ఉంటుంది. ఆలస్యంగా, సరిగ్గా పెట్టినవాడిని ఎవరూ పట్టించుకోరు. తప్పని తేలాక ‘నేను పెట్టింది తప్పు’ అని రాసేవాళ్లు ఎంతమంది? మెసేజ్‌ డిలీట్‌ చేసి ఊరుకుంటారు. అది అప్పటికే పది గ్రూపులు దాటి ఉంటుంది.

ఇంకో అలవాటు ఉంది, చూడ్డానికి మంచిదిలాగే కనిపిస్తుంది. స్క్రీన్‌షాట్‌ పెట్టి కింద ‘ఇది నిజమేనా ఫ్రెండ్స్‌?’ అని అడగడం. తర్వాతివాడు స్క్రీన్‌షాట్‌ ఒక్కటే పంపుతాడు. మీ ప్రశ్న మీ గ్రూపులోనే ఉండిపోతుంది. అడగాలంటే తెలిసిన ఒక్కరికి ఫోన్‌ చేయండి.

ఇదే ఆదోని యార్డుకు పత్తి తెచ్చే రైతును చూడండి. రేటు ఎంతుందో దారిలో పదిమంది చెప్తారు. అన్నీ వింటాడు కానీ, యార్డులో తన సరుకుకు పలికిన ధర చూసుకోకుండా తూకానికి ఒప్పుకోడు. నోటిఫికేషన్‌కు ఆ యార్డు కమిషన్‌ వెబ్‌సైటే. అక్కడ వెబ్‌నోట్‌ ఉందా, దాని మీద తేదీ ఏముంది అని చూడటానికి రెండు నిమిషాలు చాలు.

వాట్సాప్‌లో మెసేజ్‌ పైన రెండు బాణాల గుర్తుంటే, అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిచ్చే పరిమితి 2020 ఏప్రిల్‌లో పెట్టారు. టెలిగ్రామ్‌లో ఆ అడ్డు లేదు. ఒక్కో గ్రూపులో 2 లక్షల మంది దాకా ఉండొచ్చు. ‘సెలెక్ట్‌ అయ్యారు, డిపాజిట్‌ కట్టండి’ అనేవీ ఈ దారుల్లోనే వస్తాయి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్‌ చేయాలి.

2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులుంటే, అన్నిటికంటే ఎక్కువగా 2,645 ఉమ్మడి కర్నూలు జిల్లావే. ఇంత పెద్ద నోటిఫికేషన్‌ వస్తే గ్రూపులూ అంతే పుట్టుకొస్తాయి, వాయిదా పుకార్లూ వస్తాయి. పరీక్ష ముందురోజు సాయంత్రం దాకా వెబ్‌సైట్‌లో ఏమీ లేకపోతే బ్యాగ్‌ సర్దుకుని బస్సెక్కేయండి. వాయిదా నిజమేనని కర్నూలులో తెలిస్తే పోయేది రానుపోను ఛార్జీ, ఒక రాత్రి నిద్ర.