వేసవిలో కొలత – వానాకాలంలో మునక

భవానీపురంలో పున్నమి ఘాట్ మెట్ల మీద నిలబడి ఒకసారి చుట్టూ చూడండి. పడమర దిక్కున ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం. ఎదురుగా కృష్ణ, అవతలి ఒడ్డున అమరావతి. దిగువన ప్రకాశం బ్యారేజి. వీపు వెనక, ఉత్తరాన, ఇక్కడికి కనిపించకుండా పారే బుడమేరు. పెద్ద పనులన్నీ ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్టు ఈ చుట్టుపక్కలే వచ్చాయి. ఇంకా వస్తున్నాయి. రావద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. వచ్చే ముందు లెక్క ఎలా వేస్తున్నారో చూస్తే మాత్రం రైతుకు కడుపు రగులుతుంది.

ఆ లెక్క పేరు పర్యావరణ ప్రభావ అంచనా. మన దేశంలో దీన్ని 1994 జనవరి 27న తప్పనిసరి చేశారు. 1997లో ప్రజాభిప్రాయ సేకరణను చేర్చారు. ఇప్పుడు నడుస్తున్నది 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషన్, ఆ తరువాతి సవరణలతో. ఫలానా పని కడితే గాలి, నీరు, నేల, పంట, మనిషి ఏమవుతారో ముందే రాసివ్వాలి. రాసేది గుర్తింపు పొందిన కన్సల్టెంట్లు. వాళ్లకు డబ్బు ఇచ్చేదెవరయ్యా అంటే, ప్రాజెక్టు కట్టేవారే! పెళ్లికొడుకు గుణగణాలు అతని మేనమామనడిగి రాసుకున్నట్టుంటుంది. సరే, దాన్ని పక్కన పెడదాం. అసలు తంటా వేరే ఉంది. ఏ పనికి ఆ పనిని విడివిడిగా తూస్తారు. నీళ్లు మాత్రం అన్నీ ఒకచోటికే వస్తాయి.

బుడమేరునే తీసుకోండి. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే ఏరు ఇది. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు పెట్టి, వరదలో కొంత భాగాన్ని మళ్లింపు కాలువ ద్వారా ఇబ్రహీంపట్నం దగ్గర, అంటే బ్యారేజికి ఎగువన, కృష్ణలోకి తిప్పారు. అప్పటికి అది మంచి ఆలోచనే. తరువాత ఆ దారిలో ఏమేం చేరాయో చూడండి. థర్మల్ మొదటి యూనిట్ 1979లో వచ్చింది. అప్పటికి ఈ అంచనాల నిబంధనే లేదు. 210 మెగావాట్లవి ఆరు, తరువాత 500 మెగావాట్లది ఒకటి, 2023లో 800 మెగావాట్లది మరొకటి... మొత్తం 2,560 మెగావాట్లు. మళ్లింపు కాలువ ఆ కేంద్రం పక్కనుంచే నదికి చేరాలి. ఆపైన పోలవరం కుడి కాలువ. 174 కిలోమీటర్లు నడిచి వచ్చి అదీ ఈ దారిలోనే కలుస్తుంది. 2015లో పట్టిసీమ నీరు ఇలాగే కృష్ణకు చేరింది. పట్టిసీమ 24 పంపుల సామర్థ్యం 8,500 క్యూసెక్కులు. కుడి కాలువను రూపొందించింది మాత్రం సుమారు 17,500 క్యూసెక్కులకు!

ఇక నెలలు చూడండి. పట్టిసీమ నీటితో పని పడేది జులై నుంచి. బుడమేరు పొంగేది ఆగస్టు, సెప్టెంబరుల్లో. కృష్ణకు వరద వచ్చేదీ ఇంచుమించు అప్పుడే. బ్యారేజి ఎగువన కృష్ణ నిండుగా ఉంటే మళ్లింపు కాలువ నీళ్లను లోపలికి రానివ్వదు సరికదా, వెనక్కి ఎగదన్నుతుంది. ఇది తెలియడానికి ఇంజనీరే కానక్కర్లేదు. చేలో మురుగు ఎప్పుడు కాలువలోకి దిగుతుందో, ఎప్పుడు దిగనని మొండికేస్తుందో ఎరిగిన రైతు ఎవరైనా చెబుతాడు. వానొస్తే పంపులు ఆపేస్తామంటారు. ఆపాల్సిందే. కానీ పంపు ఆపినంత తేలిగ్గా, కాలువలో అప్పటికే ఉన్న నీళ్లు ఆగవు కదా.

2024లో ఏం జరిగిందో అందరం చూశాం. ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కుండపోత. మళ్లింపు కాలువ ఎడమ గట్టుకు మూడు గండ్లు. సెప్టెంబరు 2న బ్యారేజి దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులు. బ్యారేజి కట్టిన 1957 నుంచి ఎన్నడూ అంత రాలేదు. దాని సామర్థ్యమే 11.90 లక్షలు. సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, భవానీపురం వైపు వీధులు నీట మునిగాయి. గండ్లు పూడ్చడానికి సైన్యం రావలసి వచ్చింది. సెప్టెంబరు 7కు గాని అవి పూడలేదు. బుడమేరులో పూడిక, ఆక్రమణల సంగతి వేరే చెప్పాలా? అవీ కారణాలే. నగరానికి పడవలొచ్చాయి, హెలికాప్టర్లొచ్చాయి, టీవీలొచ్చాయి. రావాల్సిందే, ప్రాణాలు కదా! అయితే ఆ నీరు సింగ్‌నగర్‌లో ఆగిపోలేదు. నందివాడ మీదుగా కొల్లేరు వైపు సార్వా వరిని తొక్కుకుంటూ పోయింది. వరికి ఎకరాకు 10 వేల రూపాయలు ప్రకటించారు. దున్నకం, నాట్లు, ఎరువు, కౌలు లెక్కేసుకుంటే అది ఏ మూలకు?

థర్మల్‌కు ఒక నివేదిక, పోలవరానికి ఒక నివేదిక, రాజధానికి ఒక నివేదిక. ఇవన్నీ ఒకే వారంలో ఒకే మడుగులోకి నీరు వదిలితే ఏమవుతుందన్న ప్రశ్నకు ఏ నివేదికా సొంతదారు కాదు. కలిపి లెక్కవేయాలన్న మాట నియమాల్లో లేకపోలేదు. కలిపి వేయమని గట్టిగా అడిగేవాళ్లే తక్కువ.

దీనికి తోడు రెండు అలవాట్లున్నాయి. మొదటిది, చాలా ప్రాజెక్టుల అంచనాకు గాలి, నీరు, నేల వివరాలు ఒక్క కాలానివి సేకరిస్తే సరిపోతుంది. అదీ వానాకాలం కాకుండా! ఆనకట్టల వంటి నదీలోయ ప్రాజెక్టులకు నియమం వేరనుకోండి. మిగతావాటికి ఎండాకాలంలో కారేసుకుని వచ్చి, సీసాలో నీళ్లు పట్టుకుపోతారు. అప్పుడు వాగు చూస్తే ఇసుక, డ్రెయిన్ చూస్తే తూడు. పొగ గొట్టానికి ఈ పద్ధతి నప్పుతుందేమో. మట్టికట్ట పోసే పనికి నప్పదు. గట్టు తెగేది శ్రావణ భాద్రపదాల్లోనాయె. రెండోది, సాధారణంగా ప్రాజెక్టు చుట్టూ 10 కిలోమీటర్ల మేర చూస్తే చాలన్న లెక్క. పటం మీద వృత్తం గీస్తారు. ఆ గీత దగ్గర నీరు ఆగదు. వెలగలేరు దగ్గర చేసిన పనికి ఫలితం అనుభవించేది కొల్లేరు అంచు రైతు. ఆయన ఏ వృత్తంలోనూ ఉండడు.

అమరావతి సంగతీ ఇంతే. పర్యావరణ అనుమతి 2015 అక్టోబరులో వచ్చింది. భవనాలు, టౌన్‌షిప్‌ల వంటి పనులకు 2006 నోటిఫికేషన్ ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చింది. జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017 నవంబరులో ఆ అనుమతిని నిలబెడుతూనే, నది, వాగుల సహజ ప్రవాహాన్ని అధ్యయనం లేకుండా మార్చవద్దని షరతులు పెట్టింది. 2018లో కొండవీటి వాగు నీటిని కృష్ణలోకి తోడే ఎత్తిపోతల వచ్చింది. 5,000 క్యూసెక్కులు. ఎక్కడికి తోడతారు? అదీ బ్యారేజికి ఎగువనే! ఈ ఒడ్డు నుంచి బుడమేరు, ఆ ఒడ్డు నుంచి కొండవీటి వాగు, పైనుంచి కృష్ణ.

అయితే ప్రాజెక్టులే వద్దంటారా అని అడిగేవారుంటారు. డెల్టా రైతు ఆ మాట ఎలా అంటాడు? కృష్ణలో పైనుంచి నీరు రాని ఏడు, నారుమళ్లు ఎండుతుంటే గోదావరి నీరే ఆదుకుంది. బ్యారేజి కింద సుమారు 13 లక్షల ఎకరాలున్నాయి. అసలు ఈ డెల్టాయే 1855లో ముగిసిన పాత ఆనకట్ట పుణ్యం. కట్టొద్దని కాదు, కలిపి కొలిచి కట్టమని. అదైనా వాన కురిసే రోజుల్లో కొలవమని.

ప్రజాభిప్రాయ సేకరణ ఒట్టి తంతు అని చాలామంది పోరు. పోలవరం కథ చూస్తే అలా అనిపించదు. 2005 అక్టోబరులో ఇచ్చిన అనుమతిని 2007 డిసెంబరులో జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ కొట్టేసింది. కారణం, ముంపు పడే ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాల్లో జనాన్ని పిలిచి అడగకపోవడం. హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది కాబట్టి పనులు సాగాయి. కానీ ఆ తగవు సుప్రీంకోర్టు దాకా పోయింది. మొదట్లో నాలుగు రోజులు కూర్చుని వినకపోతే తరువాత ఎన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరగాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇప్పుడు మన ముందున్నది అమరావతి అవుటర్ రింగ్ రోడ్డు. సుమారు 190 కిలోమీటర్లు, ఐదు జిల్లాల మీదుగా. ప్రతిపాదించిన మార్గం జి.కొండూరు, మైలవరం, ఆగిరిపల్లి వైపు నుంచి కూడా వెళ్తుంది. అంటే బుడమేరుకు నీరొచ్చే నేల మీదుగా. భూమి పోయే రైతు ధర గురించి అడుగుతాడు, న్యాయమే. భూమి పోని రైతు అడగాల్సింది ఇంకొకటుంది. రోడ్డంటే కట్ట. కట్టకు ఒకవైపు నీరు నిలుస్తుంది, రెండోవైపు ఎండుతుంది. ఫలానా వాగు దాటే చోట ఎన్ని ఖానాలు, ఎంత వెడల్పు, 2024 నాటి నీరు వస్తే అవి చాలుతాయా? పంట బోదెకు తూము ఎక్కడ? మురుగు డ్రెయిన్‌కు ఎక్కడ? సర్వే నంబరుతో సహా అడగాలి. 'తగు చర్యలు తీసుకుంటాం' అన్నది జవాబు కాదు.

కొత్త జాతీయ రహదారికి పర్యావరణ అనుమతి, ప్రజాభిప్రాయ సేకరణ రెండూ ఉండాలి. కనీసం 30 రోజుల ముందు ప్రకటన రావాలి, అందులో ఒకటి తెలుగు పత్రికలో. నివేదిక ముసాయిదా, తెలుగు సారాంశంతో సహా, కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, పంచాయతీ లేదా మున్సిపల్ కార్యాలయంలో, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో చూడటానికి పెట్టాలి. సారాంశం చాలని సరిపెట్టుకోవద్దు. డ్రెయిన్ల పటం, వరద లెక్క ఉండేది అసలు ముసాయిదాలో. ఊళ్లో చదువుకున్న కుర్రాడెవరినైనా తోడు తీసుకెళ్లి ఆ పేజీలు చూడాలి. కొలతలు ఏ నెలల్లో తీశారో మొదట చూడాలి. రాలేనివారు రాతపూర్వకంగా పంపి, రసీదు తీసుకోవచ్చు. పాసుపుస్తకం లేదని కౌలురైతు నోరు ఎవరూ మూయలేరు. ప్రభావం పడేవాళ్లెవరైనా మాట్లాడవచ్చు. అనుమతి వచ్చాక అభ్యంతరం ఉంటే చెన్నైలోని హరిత ట్రైబ్యునల్ దక్షిణ బెంచికి అప్పీలు వేయడానికి 30 రోజులే గడువు. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు ఒప్పుకుంటారు.

ఇంకొక్క సంగతి. సభ మొత్తం వీడియో తీస్తారు. ఎవరేం అడిగారో, ఏం జవాబిచ్చారో రాసుకున్న కాగితాన్ని చివర్లో తెలుగులో చదివి వినిపించాలన్నది నియమం. అప్పటికి సాయంత్రమవుతుంది. గేదెల పాలవేళ అని, ఆఖరి బస్సు అని మనవాళ్లు లేచిపోతారు. ఆ కాగితం చదివేదాకా ఊరికి పదిమందైనా కూర్చోవాలి. మన ఖానాల మాట, తూముల మాట అందులో ఉందో లేదో వినాలి. లేకపోతే అక్కడే రాయించాలి.