నచ్చని పాఠం కూడా మన పాఠమే

నర్సింగులో చేరిన ప్రతి అమ్మాయీ నర్సు కావాలని కలలు కని చేరలేదు. ఈ మాట పైకి అనడానికి మనకి భయం. అంటే కాలేజీలో మేడమ్‌లకి కోపం, ఇంట్లో అమ్మకి బాధ. అందుకే ఎవరూ అనరు. కానీ మన హాస్టల్లో రాత్రి లైట్లు తీసేశాక ఏ గది దగ్గర చెవి పెట్టినా వినపడేది ఇదే: "ఈ సబ్జెక్టు నాకు ఎక్కడం లేదే. ఎందుకు చదవాలో కూడా తెలియట్లేదు."

వార్షికోత్సవ సంచికలో విజయగాథలు ఉంటాయి. ఉండాలి కూడా. మేము మాత్రం ఈసారి ఆ చీకట్లో వినపడే మాట గురించి రాయాలనుకున్నాం. మేమంటే ఇదే హాస్టల్లో ఉండి బి.ఎస్సీ. నర్సింగ్ పూర్తిచేసి, ఒక ఏడాది డ్యూటీలు చేసి, ఇప్పుడు ఎమ్మెస్సీ చదువుతున్నవాళ్ళం. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా తెచ్చిన మొదటివాళ్ళం.

మనం ఈ చదువులోకి ఎలా వచ్చాం? ఇంటర్‌లో బైపీసీ తీసుకున్నప్పుడు అందరం డాక్టర్లమే. నీట్ రాశాక ఆ కల సగానికి సగం మందికి పోయింది. అప్పుడు పక్కింటి మామయ్యో, చర్చిలో అంటీనో, "నర్సింగయితే ఉద్యోగం ఖాయమంట, ఫీజు కూడా గవర్నమెంటే కడతదంట" అన్నారు. కూలి పనికి వెళ్ళొచ్చిన నాన్న ఆ రాత్రే నిర్ణయం తీసుకున్నాడు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. చేతిలో ఉన్న డబ్బుని బట్టి చదువు ఎంచుకోవడం పేదవాళ్ళు చేసే తెలివైన పనే. కాకపోతే, అలా వచ్చినవాళ్ళకి మొదటి ఏడాదిలోనో రెండో ఏడాదిలోనో ఏదో ఒక సబ్జెక్టు గుదిబండలా తగులుకుంటుంది. దాన్ని ఏం చెయ్యాలన్నదే ప్రశ్న.

ఈ రోజుల్లో ఎక్కడ చూసినా ఒకటే సలహా: "మీకు ఇష్టమైనదే చదవండి, ఇష్టం లేనిది వదిలెయ్యండి." సలహా చెడ్డదని మేము అనం. కానీ అది రెండో అవకాశం ఉన్నవాళ్ళ కోసం తయారైన సలహా. మనం ఒక ఏడాది వదిలేస్తే ఫీజు రీయింబర్స్‌మెంట్ పోతుంది, హాస్టల్ సీటు పోతుంది, వెనక చదువుకోవాల్సిన తమ్ముడి వంతు ఆగిపోతుంది. ఒడ్డున కూర్చున్నవాడికి ఈత ఎంత సులువో, సీటు వదిలెయ్యమనే సలహా కూడా అంతే సులువు.

మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం. ఒక సబ్జెక్టు పాసవ్వడానికి దాని మీద ఇష్టం పుట్టేదాకా ఆగనక్కరలేదు. ఇష్టం లేకుండానే దాన్ని గౌరవంగా చదవొచ్చు, గట్టెక్కవచ్చు, తర్వాత పనికి వాడుకోవచ్చు. దానికి ఒకటే తెలియాలి: ఆ పాఠం చివర ఏ మనిషి ఉన్నాడో.

ఉదాహరణకి కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్ తీసుకుందాం. బి.ఎస్సీ.లో రెండు భాగాలుగా వస్తుంది. మా బ్యాచ్‌లో దాన్ని ప్రేమించినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆపరేషన్ థియేటర్ పోస్టింగు అంటే ఎగిరి గంతేసేవాళ్ళం. కమ్యూనిటీ అనగానే మరుగుదొడ్ల రకాలు, మంచినీళ్ళ బావి బొమ్మ, కార్యక్రమాల పేర్లు, వాటి సంవత్సరాలు. నోట్సు డిక్టేట్ చేసేవాళ్ళు, రాసుకునేవాళ్ళం, అంతే. అందులో హారాక్స్ అపరేటస్ అని ఒకటుంటుంది. ఆరు తెల్ల కప్పులు, ఒక నల్ల కప్పు. నల్ల కప్పులో బ్లీచింగ్ పౌడరు ద్రావణం కలిపి, తెల్ల కప్పుల్లోని నీళ్ళకి ఒక్కో చుక్క పెంచుతూ వేసి, అరగంట ఆగి, ఇండికేటర్ వేస్తే ఏ కప్పు నుంచి నీలం రంగు మొదలైందో చూడాలి. మూడో కప్పయితే 3ని 2తో గుణించి, 455 లీటర్లకి 6 గ్రాముల పౌడరు. ఈ 455 ఎక్కణ్ణించి వచ్చిందో ఎవరూ చెప్పలేదు. అది పాత 100 గ్యాలన్ల కొలత అని చాలా రోజులకి తెలిసింది. తెలియక ముందు అది బట్టీ పట్టాల్సిన అంకె మాత్రమే.

తర్వాత 2024 సెప్టెంబరు 1 వచ్చింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ మునిగాయి. కృష్ణమ్మ కూడా అప్పుడే ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కొన్ని వీధులు వారానికి పైగా నీళ్ళలోనే ఉన్నాయి. మాలో కొందరం వైద్య శిబిరాల్లో ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు పంచుతూ, కాళ్ళ పుండ్లకి కట్లు కడుతూ నిలబడ్డాం. నీళ్ళు తీశాక ఒక పెద్దావిడ వచ్చి అడిగింది: "అమ్మాయ్, మా సంపులోకి మురుగు నీళ్ళొచ్చినయ్. కడిగించాం. ఇప్పుడు పౌడరు ఎంతెయ్యాలమ్మా?"

ఆ శిబిరంలో థియేటర్ నర్సింగ్ ఎంత బాగా వచ్చినా ఆ ప్రశ్నకి జవాబు దొరకదు. నీళ్ళు ఎంత మురికయితే క్లోరిన్‌ని అంత మింగేస్తాయి. అందుకే అందరికీ ఒకే లెక్క చెప్పకూడదు. తక్కువేస్తే క్రిములు చావవు, ఎక్కువేస్తే ఎవరూ తాగలేరు. గంట తర్వాత లీటరుకి అర మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉండాలి. బిందెలో నీళ్ళకయితే అర గ్రాము క్లోరిన్ బిళ్ళ 20 లీటర్లకి సరిపోతుంది. ఏదీ లేకపోతే బాగా మరగకాచి తాగాలి. ఇదంతా మాకు నచ్చని ఆ పుస్తకంలోనే ఉంది. మాకు నచ్చిందా లేదా అని ఆ పెద్దావిడ అడగలేదు. తెలుసా లేదా అనే అడిగింది. ఆ రెండు ప్రశ్నలకీ మధ్య ఉన్న తేడాయే ఈ వ్యాసం.

ఇంకో ముఖ్యమైన సంగతి. మన రాష్ట్రంలో గ్రామాల ఆరోగ్య కేంద్రాల్లో ఎం.ఎల్.హెచ్.పి.లుగా, సి.హెచ్.ఓ.లుగా తీసుకున్నది బి.ఎస్సీ. నర్సింగ్ చదివినవాళ్ళనే. అక్కడ పొద్దున లేస్తే చేసేదంతా కమ్యూనిటీ హెల్త్. ఏ సబ్జెక్టు నుంచి పారిపోవాలనుకుంటామో అదే అన్నం పెట్టవచ్చు.

అలాగే నర్సింగ్ రిసెర్చ్, స్టాటిస్టిక్స్. "సూది వెయ్యడానికి లెక్కలెందుకు?" అని అడగని బ్యాచ్ ఉండదు. మే 12న మనం దీపాలు పట్టుకుని తలుచుకునే ఫ్లారెన్స్ నైటింగేల్‌ని అడగండి. 1854 నవంబరులో ఆమె క్రిమియా యుద్ధ క్షతగాత్రుల కోసం స్కుటారి ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడ సైనికులు తూటా దెబ్బల కన్నా విరేచనాలు, జ్వరాలతోనే ఎక్కువగా చనిపోతున్నారు. తిరిగొచ్చాక ఆ చావులన్నీ నెలల వారీగా లెక్కగట్టి, రంగుల చక్రంలా బొమ్మ గీసి, 1858లో పెద్దల ముందు పెట్టింది. వాళ్ళు ఆమె కన్నీళ్ళకి కదల్లేదు, ఆ బొమ్మకి కదిలారు. దీపం రాత్రిపూట వార్డుకి పనికొచ్చింది, లెక్క ఆ తర్వాత వచ్చిన వేలమంది సైనికులకి పనికొచ్చింది. మనకి దీపం గురించి మాత్రమే చెప్పి లెక్క గురించి చెప్పకపోవడం వల్లే స్టాటిస్టిక్స్ పరాయిదైపోయింది.

"ఇష్టం లేదు" అనే మాట వెనక ఇంకేదో దాక్కుని ఉంటుంది. మా అనుభవంలో అది మూడు రకాలు.

మొదటిది భాష. పదో తరగతి వరకూ తెలుగులో చదివి, ఒక్కసారిగా అనాటమీ ఇంగ్లీషు పుస్తకం చేతిలో పడితే నచ్చకపోవడం వింత కాదు. దాన్ని సబ్జెక్టు మీద అయిష్టం అనుకోకండి. మాటల్ని ముక్కలు చెయ్యండి. "టాకీ" అంటే వేగం, "బ్రాడీ" అంటే నెమ్మది, "కార్డియా" అంటే గుండె. "ఐటిస్" అని చివర వస్తే వాపు, "ఎక్టమీ" అని వస్తే కోసి తీసెయ్యడం. అపెండిసైటిస్ ఏమిటో, అపెండిసెక్టమీ ఏమిటో ఇక ఎవరూ చెప్పనక్కరలేదు. ఇలాంటి ముక్కలు ఓ నలభై వస్తే వందల మాటలు వాటంతటవే విడిపోతాయి.

రెండోది చిన్నచూపు. "ఒకరి మలమూత్రాలు ఎత్తే పనా?" అని చుట్టాలు అన్న మాట మన చెవిలో ఉండిపోయి, పుస్తకం తెరవగానే అడ్డం వస్తుంది. ఈ దేశంలో రోగి ఒంటిని ముట్టుకోవడం మైల అనుకున్న రోజులున్నాయి. మన పక్కనే గుంటూరుకి 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చారు, 1898లో ఆసుపత్రి తెరిచారు. అలాంటి మిషన్ ఆసుపత్రుల్లో ఇతరులు ముట్టని పనిని నేర్చుకుని నిలబెట్టినవాళ్ళలో దళిత క్రైస్తవ ఆడపిల్లలు ఎందరో. 1897లో పూణేలో ప్లేగు వచ్చినప్పుడు సావిత్రీబాయి ఫూలే రోగులకి సేవ చేస్తూ ఆ ప్లేగుతోనే మార్చి 10న కన్నుమూశారు. ఆడపిల్లలకి బడి తెరిచిన తల్లి చివరి పని నర్సు పనే. చుట్టాల మాట బరువా, ఈ చరిత్ర బరువా తూచి చూసుకోండి.

మూడోది నిజమైన అయిష్టం. భాషా వచ్చు, చిన్నచూపూ లేదు, అయినా ఆ సబ్జెక్టు రుచించదు. ఉండనివ్వండి. హాస్టల్ మెనూలో అన్నీ మనకి నచ్చినవే పెడుతున్నారా? తిని క్లాసుకి వెళ్ళడం లేదా?

ఈ మూడో రకానికి మేము పాటించి, జూనియర్లకి కూడా చెప్పిన పద్ధతులు ఇవి. నచ్చని సబ్జెక్టుని పొద్దున్నే ముందు చదవండి, నలభై నిమిషాలు చాలు. రాత్రికి వాయిదా వేస్తే అది నిద్రతో కలిసి మిమ్మల్ని ఓడిస్తుంది. పాత ప్రశ్నపత్రాలు ఐదేళ్ళవి ముందేసుకుని, తిరిగి తిరిగి వచ్చే పాఠాలకి గుర్తు పెట్టుకోండి. నలుగురు కలిసి కూర్చుని ఒక పాఠాన్ని తెలుగులో ఒకరికొకరు చెప్పుకుని, తర్వాత ఇంగ్లీషులో రాయండి. తెలుగులో చెప్పలేనిది మనకి అర్థం కానట్టే. చదివిన పాఠానికి వార్డులో ఒక మనిషిని వెతకండి. డయాబెటిస్ చదివిన రోజు కాలి పుండుతో ఉన్న తాతని పలకరిస్తే ఆ పాఠం పరీక్షలో మరిచిపోరు.

లెక్కలు కూడా గుర్తుంచుకోండి. పాసవ్వాలంటే థియరీలో, ప్రాక్టికల్‌లో విడివిడిగా 50 శాతం రావాలి. ఒకదానిలో ఎక్కువొస్తే రెండోది గట్టెక్కదు. పరీక్ష రాయాలంటే హాజరు 80 శాతం ఉండాలి. క్లినికల్ పోస్టింగులు డిగ్రీ చేతికి వచ్చేలోపు నూటికి నూరు పూర్తి చెయ్యాలి. నచ్చని క్లాసు ఎగ్గొడితే ఆ గంట తర్వాత వడ్డీతో సహా కట్టాలి.

అధ్యాపకులకి కూడా ఒక మనవి. పాఠం మొదలుపెట్టే ముందు ఒక్క నిమిషం, ఇది ఏ రోగికి పనికొస్తుందో చెప్పండి. నోట్సు ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది, ఆ ఒక్క నిమిషం దొరకదు.

ఒక హెచ్చరిక లేకుండా ముగించకూడదు. ఒక సబ్జెక్టు నచ్చకపోవడం వేరు, రోజంతా దేని మీదా మనసు లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం వేరు. అది ఓర్చుకోవాల్సిన కష్టం కాదు, సాయం అడగాల్సిన కష్టం. సైకియాట్రీ పాఠంలో రోగులకి మనమే చెప్పే మాట మనకీ వర్తిస్తుంది. గదిలో అక్కకి, వార్డెన్ మేడమ్‌కి, డాక్టరుకి చెప్పండి. అలాగే నాలుగేళ్ళు చదివాక కూడా ఈ వృత్తి నాది కాదనిపిస్తే, పట్టా చేతిలో పెట్టుకుని వేరే దారి చూసుకోవచ్చు. పట్టా ఉన్నవాళ్ళకి తలుపులు ఎక్కువ.

చెల్లెళ్ళూ, తమ్ముళ్ళూ! పై ఏడాది పరీక్షల్లో మీ అందరికీ ఏదో ఒక నచ్చని పేపరు ఉంటుంది. దానికి వారం ముందు మా గదికి రండి. పాత ప్రశ్నపత్రాలు మా దగ్గర భద్రంగా ఉన్నాయి, టీ మీరు తెచ్చుకోండి.