ఇఖామా చేదును మనమే మరిచిపోతే ఎలా?

మన కుటుంబాల్లో ‘ఇఖామా’ అన్న మాట వినని ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు. కడప, రాయచోటి వైపు నుంచి కువైట్‌కు ఖద్దామా పనికి వెళ్ళిన ఆడపడుచులు, జగిత్యాల, నిజామాబాద్ నుంచి దుబాయి వెళ్ళిన యువకులు, పాతబస్తీ నుంచి జెద్దా, రియాద్ వెళ్ళి పాతికేళ్ళు గడిపినవారు... ఎవరో ఒకరు మనకు బంధువులై ఉంటారు. కఫీల్ అంటే ఏమిటో, ‘ఖురూజ్ అవ్దా’ కాగితం కోసం నెలల తరబడి ఎదురుచూడడం అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కర లేదు.

నేనూ ఆ అన్నం తిన్నవాణ్ణే. మదరసా చదువు పూర్తయ్యాక, 1995లో దమ్మాం వెళ్ళి ఆరేళ్ళు ఒక గిడ్డంగిలో లెక్కలు రాశాను. దిగిన రోజే పాస్‌పోర్టు యజమాని బీరువాలోకి వెళ్ళిపోయింది. నాన్నగారు పోయారని ఫోను వచ్చిన రోజు, ఆ బీరువా తాళం ఉన్న మనిషి ఊళ్ళో లేడు. కాగితం మీద ముద్ర పడేసరికి తొమ్మిది రోజులయింది. నాన్నగారి జనాజాను నేను మోయలేదు. ఆ మాట ఇప్పటికీ మా అమ్మ దగ్గర ఎత్తను.

సౌదీలో 2021 మార్చి నుంచి చాలామంది కార్మికులు యజమాని అనుమతి లేకుండానే దేశం దాటి వెళ్ళే వెసులుబాటు వచ్చింది. ఇళ్ళలో పనిచేసేవారిని, డ్రైవర్లను ఆ సంస్కరణలో చేర్చలేదు. అంతకు ముందు, 2017 జూలై నుంచి కుటుంబంలో ఒక్కొక్కరికీ నెలకు 100 రియాళ్ళ రుసుము మొదలై, ఏటా పెరుగుతూ 2020 నాటికి 400 అయింది. భార్యాబిడ్డలను ఇంటికి పంపేసిన మన సోదరులు ఎందరో! జెద్దాలో పుట్టి పెరిగిన ఆ పిల్లలు టోలిచౌకీకి వచ్చి, సొంత దేశంలోనే పరాయివాళ్ళలా దిక్కులు చూడడం నా తరగతిలోనే చూశాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు మన గడప ముందు పరదేశి నిలబడి ఉన్నాడు. ఈసారి తాళం మన చేతిలో ఉంది.

మా ఇల్లు షేక్‌పేటలో. మేడ ఎక్కితే ఒకవైపు గోల్కొండ కోట, మరోవైపు రాయదుర్గం అద్దాల మేడలు కనిపిస్తాయి. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన రోజుల్లో అటువైపు బండరాళ్ళు, తుమ్మచెట్లే ఎక్కువ. ఇప్పుడు హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లో పది దేశాల మనుషులు తిరుగుతున్నారు. కంపెనీ పని మీద వచ్చే అమెరికా, యూరప్ వాళ్ళున్నారు. విశ్వవిద్యాలయాల్లో చదువుకునే సూడాన్, సోమాలియా, యెమెన్ పిల్లలున్నారు. ఆస్పత్రుల్లో వైద్యం కోసం వచ్చే యెమెన్, ఇరాక్, ఒమాన్ రోగులు, వారి వెంట వచ్చినవారు ఉన్నారు. అందరి పాస్‌పోర్టులోనూ ఉండేది భారత ప్రభుత్వం ఇచ్చిన వీసాయే. మన మర్యాద మాత్రం అందరికీ ఒకటి కాదు. తెల్లవాడు కనిపిస్తే ఆ పెద్ద అపార్ట్‌మెంట్ల కాపలాదారు సలాం కొడతాడు. నల్లవాడు అదే గేటు ముందుకు వస్తే రిజిస్టరు బయటికి వస్తుంది.

అది వాళ్ళ సంగతి అనుకుందాం. మన సంగతి చూడండి.

రెండు నెలల క్రితం జుమా నమాజు ముగిశాక ఒక సూడాన్ యువకుడు మస్జిద్ మెట్ల మీద నన్ను పలకరించాడు. అద్దెకు గది కావాలి. నేను మదరసాలో నేర్చిన వ్యాకరణబద్ధమైన అరబీలో జవాబిచ్చాను. అతను నవ్వు ఆపుకోలేక, “ఉస్తాద్, మీరు మాట్లాడుతుంటే ఖుత్బా విన్నట్టుంది” అన్నాడు. (ఏళ్ళ తరబడి పిల్లలకు అరబీ చెబుతున్నాను. వీధిలో మాట్లాడే అరబీ వేరని దమ్మాంలోనే తెలిసింది, అయినా నాలుక మారలేదు.) తర్వాత ఉర్దూ, ఇంగ్లీషు కలిపి తన కథ చెప్పాడు. పదకొండు ఇళ్ళు చూశాడట. కొన్నిచోట్ల బోర్డు వేలాడుతుండగానే గది లేదన్నారు. ఒకచోట మామూలుగా తొమ్మిది వేలు ఉన్న గదికి పదిహేను వేలు, ఆరు నెలల అడ్వాన్సు అడిగారు. అడిగినవారు ఎవరో కాదు, మన జమాతు మనిషే. గల్ఫ్‌లో ఇరవై ఏళ్ళు ఉండి వచ్చి, ఆ డబ్బుతో కట్టిన ఇల్లది.

నేను ఆయన దగ్గరికి వెళ్ళాను. “మౌల్వీ సాబ్, మీకు తెలియదు. వాళ్ళకు ఇస్తే పోలీసుల తలనొప్పి. పైగా వాళ్ళు ఎలాంటివాళ్ళో!” అన్నాడు.

పోలీసుల తలనొప్పి అన్నది ఎంతవరకు నిజమో చూద్దాం. విదేశీయుడికి ఇల్లు ఇచ్చినవారు ఇరవై నాలుగు గంటల్లో ప్రభుత్వానికి తెలియజేయాలి. మనవాళ్ళు ‘ఫారం సి’ అని పిలుస్తూ వచ్చింది దీన్నే. కంప్యూటరులో నింపవచ్చు. వీసా 180 రోజులకు మించినదైతే, విదేశీయుడు దేశంలోకి వచ్చిన పద్నాలుగు రోజుల్లో తన పేరు నమోదు చేయించుకోవాలి. అది అతని బాధ్యత. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో కొత్త చట్టం 2025 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది, కాబట్టి ఈ విషయంలో అశ్రద్ధ పనికిరాదు. అయితే మన వీధిలో అసలు తలనొప్పి ఎక్కడ వస్తున్నదంటే, అద్దె ఎక్కువ తీసుకుంటూ ఆ ఫారం నింపని యజమానుల వల్ల. తనిఖీ వచ్చినప్పుడు ఇబ్బంది పడేది గదిలో ఉన్న కుర్రాడు. అద్దె ఒప్పందం కాగితం ఇవ్వకపోతే అతని వీసా పొడిగింపు కూడా చిక్కుల్లో పడుతుంది. బీరువాలో పాస్‌పోర్టు పెట్టుకున్న మా దమ్మాం యజమానికీ, ఒప్పందం కాగితం దాచిపెట్టే మన ఇంటి యజమానికీ ఎంత తేడా ఉంది?

ఇక ‘వాళ్ళు ఎలాంటివాళ్ళో’ అన్న మాట. మత్తుపదార్థాల కేసుల్లో కొందరు విదేశీయులు పట్టుబడ్డారు, అది పత్రికల్లో వచ్చింది, కాదనను. తప్పు చేసినవాణ్ణి చట్టం చూసుకోవాలి. కానీ గల్ఫ్‌లో ఒక హిందుస్తానీ దొంగతనం చేస్తే, ‘హిందీలంతా ఇంతే’ అని అరబ్బులు అన్నప్పుడు మనకు ఎంత మండింది!

మండీ అన్నం విషయం తలచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, సిగ్గూ వేస్తుంది. బార్కస్ నుంచి గచ్చిబౌలి దాకా ఎక్కడ చూసినా మండీ హోటళ్ళే. ఒకే పళ్ళెం చుట్టూ నలుగురు కూర్చుని యెమెన్ వంట తింటాం. యెమెన్ మనిషికి మాత్రం గది ఇవ్వం.

అసలు ఈ నగరం ఎవరిది? 1591లో దీన్ని కట్టిన కుతుబ్‌షాహీల మూలపురుషుడు ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి వచ్చాడు. నగర నిర్మాణంలో ముఖ్యుడైన మీర్ మోమిన్ అస్తరాబాదీ కూడా ఇరానీయుడే. నిజాం సైన్యంలో పనిచేసిన హద్రమౌత్ అరబ్బుల బ్యారకులే ‘బార్కస్’ అయ్యాయి. మాసబ్‌ట్యాంక్ పక్కనున్న ఏసీ గార్డ్స్ పేరులో ఉన్నది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. అక్కడి సిద్దీ కుటుంబాలు తరాలుగా మన హైదరాబాదీలే.

‘హబ్షీ’ అన్న మాటను మన పిల్లలు తిట్టుగా వాడడం విన్నాను. హబ్షా అంటే అబిసీనియా. మక్కాలో హింస భరించలేక తొలి విశ్వాసులు సుమారు క్రీ.శ. 615లో శరణు కోరి వెళ్ళింది ఆ ఆఫ్రికా నేలకే. దాని రాజు నజాషీ క్రైస్తవుడు. ఖురైషు దూతలు కానుకలు పట్టుకువెళ్ళి ‘మావాళ్ళను మాకు అప్పగించండి’ అంటే, ఆయన హజ్రత్ జాఫర్ మాటలు విని, కానుకలు తిప్పి పంపాడు. జాఫర్ బృందం 628 దాకా అక్కడే నిశ్చింతగా ఉంది. వారిని ఆరు నెలల అడ్వాన్సు అడిగినట్టు ఎక్కడా రాసి లేదు! దివ్య ఖుర్ఆన్ ‘నిసా’ సూరాలో దగ్గరి పొరుగువానితో పాటు పరాయి పొరుగువాని హక్కును కూడా చెప్పింది. ‘తౌబా’ సూరాలో జకాతు పొందేవారిలో బాటసారికి చోటు ఉంది. ఈ ఆయతులు మనం రంజాన్‌లో చందాల కోసమే చదవడం అలవాటయింది.

ఆస్పత్రుల విషయం కూడా ఒక మాట చెప్పాలి. అరబీ వచ్చిన మా విద్యార్థులు కొందరు రోగులకు తర్జుమాన్లుగా పనిచేసి హలాల్ సంపాదన చేసుకుంటున్నారు. సంతోషం. అయితే రోగి దగ్గరా, మందుల దుకాణం దగ్గరా, గది యజమాని దగ్గరా ముగ్గురి దగ్గరా కమీషన్ తీసుకునేవాడు కూడా వారిలోనే ఒకడున్నాడు. నా దగ్గర అయిదేళ్ళు చదివాడు. నేను ఏమి నేర్పానో అని ఆలోచిస్తున్నాను.

సూడాన్ కుర్రాడి ఇల్లు ఖార్తూమ్‌లో. 2023 ఏప్రిల్ 15న అక్కడ యుద్ధం మొదలయ్యాక మన ప్రభుత్వం ‘ఆపరేషన్ కావేరి’ పేరుతో భారతీయులను పోర్ట్ సూడాన్ నుంచి జెద్దా మీదుగా ఇంటికి చేర్చింది. ఇతనికి అలా చేర్చుకునే ఇల్లు మిగల్లేదు. తండ్రి ఈజిప్టులో, తల్లి, చెల్లెళ్ళు మరో ఊళ్ళో. డబ్బు ఎప్పుడు వస్తుందో తెలియదు. విద్యార్థి వీసా మీద ఉద్యోగం చేయడానికి వీల్లేదు.

ఇంతా చెప్పి నా తప్పు దాచుకోను. మా మేడ మీద గది అప్పటికి మూడు నెలలుగా ఖాళీగానే ఉంది. అతను మెట్ల మీద అడిగినప్పుడు నేను ఆ మాట చెప్పలేదు. ‘వాకబు చేస్తాను’ అన్నాను. ఇంట్లో ఆడపిల్లలున్నారు అని మనసులో ఒక సాకు చెప్పుకున్నాను. ఆ యజమానికి నీతులు చెప్పి ఇంటికి వచ్చాక, మా చిన్నమ్మాయి అడిగింది, “అబ్బా, మన పైగది మాటేమిటి?” అని. జవాబు లేకపోయింది.

మరుసటి జుమాకు అతన్ని వెతికి పట్టుకున్నాను. అద్దె ఎనిమిది వేలు, ఇంతకు ముందు కర్నూలు కుర్రాడు ఇచ్చినంతే. అడ్వాన్సు రెండు నెలలది. ఒప్పందం కాగితం రెండు ప్రతులు రాశాం, ఒకటి అతని దగ్గరే ఉంది. ఫారం మా చిన్నమ్మాయి దగ్గర కూర్చుని నింపింది. పాస్‌పోర్టు ఫోటో తీసుకుని, పుస్తకాన్ని వెంటనే అతని చేతిలో పెట్టాను.