యముడి దిక్కు ఇల్లు

పోయిన ఏడాది బాపట్లలో ఇల్లు కొన్నాను. 52 ఏళ్ళకి మొదటి సొంత ఇల్లు. దక్షిణ సింహద్వారం. ఆ మాట వినగానే మా బంధువుల్లో సగం మంది "అయ్యో" అన్నారు. మిగతా సగం "ఎంతకొచ్చింది?" అన్నారు. నేను రాయాలనుకున్నది ఆ రెండో ప్రశ్న గురించే.

మాది చదువుకున్న ఊరు. 1945 నుంచి ఇక్కడ వ్యవసాయ కళాశాల ఉంది. మనం ఇష్టంగా తినే సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, ఇక్కడ పుట్టిన రకమే. ఆ బీపీటీ అంటే బాపట్లే. 1986లో విడుదలైంది. విడుదలంటే సిద్ధాంతి ముహూర్తం పెట్టడం కాదు. కొత్త రకాన్ని పాత రకం పక్కనే నాటుతారు. ఒక్క మడిలో కాదు, ఎన్నో మళ్ళలో, ఎన్నో ఊళ్ళలో, పంట మీద పంట వేసి చూస్తారు. కోసి తూకం వేస్తారు. తూకంలో తేలకపోతే దాన్ని పుట్టించినవాడు ఎంతటివాడైనా సరే, ఆ రకం మూలకి పోవాల్సిందే.

వడ్లకి ఇంత పరీక్ష పెట్టే ఊళ్ళో వాస్తుకి మాత్రం ఏ పరీక్షా లేదు! తూర్పు పడమరలుగా పోయే ఏ వీధైనా చూడండి. ఒక వరసకి ఉత్తరం వాకిళ్ళు, ఎదుటి వరసకి దక్షిణం వాకిళ్ళు. వాస్తే నిజమైతే ప్రతి వీధిలోనూ ఒక వరస పచ్చగా, ఎదుటి వరస వల్లకాడులా ఉండాలి కదా? మీ వీధిలో అలా ఉందా? వాస్తు పండితుల్లో ఒక్కడైనా రెండు వరసల చావులూ అప్పులూ లెక్కగట్టి చూపించాడా?

మాకు సముద్రం సూర్యలంక వైపు, ఆగ్నేయంగా ఉంటుంది. ఎండాకాలం సాయంత్రం ప్రాణం లేచొచ్చే గాలి అటునుంచే వస్తుంది. ఆ గాలికి తలుపు మూసి ఏసీ కొనుక్కోమంటుంది ఈ శాస్త్రం. 1977 నవంబరు 19న తుపాను ఊడ్చేసిన తీరం ఇది. ఇక్కడ ఇల్లు కొనేవాడు చూడాల్సింది పునాది, కప్పు, వాననీళ్ళు పోయే దారి. ఆ తర్వాత ఈసీ, లింకు డాక్యుమెంట్లు. బ్యాంకువాళ్ళు కూడా అవే అడిగారు. ఈశాన్యం ఎంత పెరిగిందని అడగలేదు.

ఇక్కడిదాకా మనవాళ్ళందరూ చప్పట్లు కొడతారు. మిగతాది కూడా వినండి.

ఇల్లు అమ్మినావిడకి భర్త పోయి మూడేళ్ళయింది. గుండెజబ్బు. ఒక సిద్ధాంతి వచ్చి, దక్షిణం గుమ్మమే మింగేసిందని చెప్పి, దక్షిణ పుచ్చుకుని వెళ్ళాడు. "గుమ్మం మార్పించి ఉంటే ఆయన బతికేవారేమో బాబూ" అని ఆవిడ నాతో రెండుసార్లు అంది. 38 లక్షలు చెప్పింది. బ్రోకరు నన్ను పక్కకి పిలిచి, "దక్షిణం గుమ్మం, పైగా మనిషి పోయిన ఇల్లు. నాలుగు తగ్గించమందాం మాస్టారూ" అన్నాడు. నేను అవుననలేదు, కాదనలేదు. అతను అడిగాడు. ఆవిడ మారుమాట్లాడకుండా ఒప్పుకుంది.

ఇరవై ఏళ్ళుగా బళ్ళలో మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిస్తున్నవాణ్ణి. నమ్మకం లేని నాకు నమ్మకం మీద నాలుగు లక్షలు మిగిలాయి. సంఘంలో మిత్రుడికి చెబితే, "మూఢనమ్మకానికి జరిమానా కట్టింది, కట్టనివ్వండి" అని నవ్వాడు. జరిమానా కట్టింది సిద్ధాంతి కాదే! వాడి ఫీజు వాడికి ముట్టింది. వాస్తు మనకి నవ్వులాట. ఆవిడకి అది చేతిలోంచి జారిపోయిన డబ్బు, దాని మీద మొగుణ్ణి చంపుకున్నానన్న దిగులు.

రిజిస్ట్రేషన్ అయిన నెలకి వెళ్ళి చెప్పాను. "అమ్మా, ఆయన పోయింది జబ్బుతో. గుమ్మానికీ దానికీ సంబంధం లేదు" అన్నాను. ఆవిడ కాసేపు నా మొహం చూసి, "మరి ఆ మాట బేరం రోజున చెప్పలేదేం బాబూ?" అంది.

వచ్చే సమావేశంలో ఒక ప్రతిపాదన పెడుతున్నాను. మన సభ్యులెవరూ దిక్కు పేరు చెప్పి ఇంటి ధర తగ్గించమని అడగకూడదు, తమ తరఫున ఇంకొకరు అడిగినా ఊరుకోకూడదు. నా నాలుగు లక్షల సంగతి కూడా ఆ రోజే తేల్చండి.